అమ్మని పిలిచిన గొంతు

మార్కెట్‌లో నాకు మైకు అని పేరు. కూరగాయల లారీలు దిగగానే వేలం పాడేది నేనే. నేను పాట ఎత్తుకుంటే అవతలి వీధిలో కుక్కలు లేచి కూర్చునేవి. "మీకు రహస్యం చెబితే ఊరంతా దండోరా వేయించినట్టే" అని నా భార్య ఎగతాళి చేసేది.

అలాంటి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాను. కాదన్నారు. పెద్ద డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. స్వరపేటిక తీసెయ్యాలి. మెడ ముందు చిన్న రంధ్రం పెడతారు, ఇక ఊపిరంతా అందులోంచే. ప్రాణం ఉంటుంది. గొంతు ఉండదు.

ఆపరేషన్‌కి ముందురోజు నర్సమ్మ నా మొహం చూసి అంది. "ఇదే ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన ఒకరున్నారు. దర్జీ. మీలాంటివాళ్ళ దగ్గరకొచ్చి కూర్చుని మాట్లాడతారు. సాయంత్రం రమ్మన్నాను. ఏం అడగాలనిపిస్తే అది అడగండి."

గదిలో ఎండ నేల దాటి గోడ ఎక్కేసరికి ఒకాయన తలుపు తోసుకుని వచ్చాడు. సన్నటి మనిషి. మెడచుట్టూ మడతపెట్టిన తెల్లగుడ్డ. ఆయనతోపాటే ఒక వాసన వచ్చింది, ఆరకుండా మడిచిపెట్టిన బట్టల వాసన. కుర్చీ మంచానికి ఆనించి కూర్చున్నాడు.

"భయంగా ఉందా తమ్ముడూ?"

ఆ గొంతు విని నా ప్రాణం లేచి వచ్చింది. పాఠం చెప్పే పంతులు గొంతులా ఎంత స్పష్టంగా ఉందో! ఆపరేషన్ అయ్యాక కూడా ఇంత బాగా మాట్లాడొచ్చన్నమాట.

"ఉండదా అన్నా? నేను తినేదే ఈ గొంతు మీద. అయినా నా భయం నాకోసం కాదు, మా అమ్మ కోసం. ఆవిడకి చూపు లేదు. నా గొంతే ఆవిడకి చేతికర్ర."

"ఎలా పిలుస్తావు అమ్మని?"

"ఎలా ఏముంది, అందరిలాగే."

"ఒకసారి పిలు. విననీ."

సిగ్గేసింది. కానీ అన్నాళ్ళుగా నాతో అంతా జబ్బు గురించే మాట్లాడుతున్నారు. నా గొంతు వింటానన్నవాడు ఆయనొక్కడే. పిలిచాను. "అమ్మా, ఇటు రా!"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మెడమీద గుడ్డ లోపలికి పీల్చుకుపోయి మళ్ళీ ఉబ్బింది.

"ఇంకోసారి."

పిలిచాను.

"జబ్బు రాకముందు ఎలా పిలిచేవాడివో అలా."

ఉన్న శక్తంతా కూడదీసి పిలిచాను. గొంతు ఎండిపోయి దగ్గొచ్చింది. ఆ దగ్గులో ఎవరో ఆడమనిషి నవ్వినట్టు వినిపించింది. వరండాలో అనుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన పెదాలు అప్పుడే మూసుకుంటున్నాయి.

"చాలు తమ్ముడూ," అన్నాడు పంతులు గొంతుతో. "ఏదీ ఎక్కడికీ పోదు. నిశ్చింతగా ఉండు."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకు ధైర్యం వచ్చింది. మర్నాడు నవ్వుతూనే ఆపరేషన్ గదిలోకి వెళ్ళాను.

కట్లూ గొట్టాలతో నేను లేచి కూర్చోగలిగిన రోజున ఇంకో పెద్దాయన వచ్చాడు. చేతిలో చిన్న మిషను. దాన్ని మెడకి ఆనించి మాట్లాడాడు. డబ్బాలో పడిన తుమ్మెద రొదలా ఉంది.

"దర్జీని. ఆపరేషన్‌కి ముందే రావాల్సింది, ఏమీ అనుకోకండి. మనవరాలికి జ్వరం. అది నన్ను తుమ్మెద తాతా అంటుంది లెండి."

పలకమీద రాశాను: ముందురోజు ఒకాయన వచ్చారుగా?

"ఈ పనిమీద ఇక్కడికొచ్చేది నేనొక్కణ్ణే."

మళ్ళీ రాశాను: మెడకి గుడ్డ. గొంతు చాలా స్పష్టంగా ఉంది.

దర్జీ అది రెండుసార్లు చదివాడు. మిషను మెడ దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"స్వరపేటిక తీసేశాక అలాంటి గొంతు ఎవరికీ రాదు బాబూ," అన్నాడు చివరికి.

అమ్మని తీసుకొచ్చారు. పక్కన స్టూలు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. జరిగింది చెబితే కాసేపు గుర్తుంటుంది, మళ్ళీ మర్చిపోతుంది. "డాక్టరు మాట్లాడొద్దన్నాడా నాయనా? సరే, పడుకో," అంటుంది. కాసేపాగి, "పలకవేరా?" అంటుంది.

ఆ మధ్యాహ్నం నా భార్య మందుల కోసం కిందికి వెళ్ళింది. గదిలో మేమిద్దరమే. ఫ్యాను తిరుగుతోంది. తలుపు కింది సందులోంచి ఆరని బట్టల వాసన...

"అమ్మా, ఇటు రా!"

వరండాలోంచి. నా గొంతు. బొంగురు లేదు. జబ్బు రాకముందటి గొంతు.

అమ్మ మొహం వెలిగింది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. తను పట్టుకున్న చేతిని తడిమింది.

"మరి... ఈ చెయ్యెవరిది?"

వదిలేసింది.

లేచింది. గోడ పట్టుకుంది. "వస్తున్నా నాయనా..."

వద్దమ్మా అని అరిచాను. మెడలోంచి గాలి బుస్సుమంది. అంతే. గొట్టాలు లాగుతున్నాయి. కాళ్ళు కిందపెట్టలేను. చెయ్యి చాచాను... అందలేదు. తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

గంట నొక్కాను. నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. తలుపు చూపించాను. మళ్ళీ చూపించాను. పలక కిందపడింది. ఆమె నా రెండు భుజాలూ పట్టి దిండుకి అదిమింది.

"కదలకండి, కుట్లు ఊడిపోతాయి! నొప్పిగా ఉందా? ఇప్పుడే తగ్గిపోతుంది."

సూది గుచ్చింది. కాదు... అది కాదు... బయట నా గొంతు నవ్వుతోంది. నీళ్ళలో మునిగినట్టు మత్తులో మునిగిపోయాను.

కళ్ళు తెరిచేసరికి అమ్మ గదిలోనే ఉంది. మెట్లమీద ఒక్కతే కూర్చుని ఉంటే నా భార్య తీసుకొచ్చిందట. అమ్మ మొహంలో ఎంత తృప్తో! "ఎన్నాళ్ళకి నోరారా మాట్లాడాడే నా కొడుకు," అంటోంది. నేను వేళ్ళు తాకిస్తే మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరు బాబూ నువ్వు? ఒంట్లో బాగాలేదా?"

ఇంటికొచ్చాం. నా భార్యకి అంతా రాసి చూపించాను. చదివి, నా తల నిమిరింది. "ఆవిడకి మతిమరుపు ముదిరిందండీ. మీకు మత్తుమందు. దీనికి దెయ్యాలెందుకు?" మళ్ళీ రాశాను. మళ్ళీ నిమిరింది. కాగితమ్మీద ఎంత రాస్తే మాత్రం కేక అవుతుందా?

దర్జీ మాత్రం అప్పుడప్పుడూ వచ్చి పక్కన కూర్చుంటున్నాడు. ఆ మిషనుతో మాట్లాడటం నాకు నేర్పుతానన్నాడు. కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు, కొన్నాళ్ళు ఆగమన్నాడు.

ఇవాళ నా భార్య పనికెళ్ళింది. పొద్దు వాలుతోంది. అమ్మ గది తలుపు మూసి ఉంది. పగలు ఎప్పుడూ మూయదు. దగ్గరికి వెళ్ళాను. లోపల మాటలు. అమ్మ నవ్వు. తర్వాత... నా నవ్వు.

తోశాను. గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదాను. మాటలు ఆగిపోయాయి.

"ఎవరది?" అంది అమ్మ.

నోరు తెరిచాను. మెడలోంచి గాలి.

"ఎవరూ?"

బాదాను. చేతులు వాచేలా బాదాను.

"చూశావామ్మా, పలకడంలేదు," అంది నా గొంతు, మెల్లగా, ప్రేమగా. "తియ్యకు. అది నేను కాదు."

అమ్మ భయంగా వెనక్కి జరిగిన చప్పుడు. ఆ తర్వాత లోపల రెండో గడియ పడింది.

ఆ తలుపుకి ఉన్నది ఒక్క గడియే.