చెవులు కప్పుకో

పాత శుభాకాంక్షల గది ముందు నుంచి దీపాలు పెట్టే వేళ దాటాక ఎవరూ నడవరు. ఎంత తొందరున్నా గోడౌన్ల వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్తారు. పిల్లలు మాట వినకపోతే తల్లులు ఆ గది పేరు చెబుతారు. పిల్లల్ని భయపెట్టి పెంచడం తప్పు. అయినా చెబుతారు.

నేను దెయ్యాల్ని నమ్మను. వేళకు తిని, వేళకు పడుకుని, చేసిన పనికి జవాబు చెప్పుకోగల మనిషికి చీకటితో ఇబ్బంది ఉండదు. ఈ సంగతి నాకు మా బేకరీలో సైకిల్ మీద రొట్టెలు వేసే బన్నన్న చెప్పాడు. చివరి ముక్క తప్ప అంతా అతను చెప్పిందే. అతను తాగడు, కల్పించి చెప్పడు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ గది గురించి చెప్పాలి.

మావాళ్ళు చాలామంది సముద్రం అవతల సైన్యంలో ఉన్నారు. మంచు కొండల మీద కాపలా. అక్కడికి ఫోన్లు లేవు. ఇంట్లోవాళ్ళు నెలకోసారి ఈ గదికి వచ్చి, మైకు ముందు కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పేవారు. ఆ టేపు శిబిరానికి వెళ్ళేది. అక్కడి నుంచి జవాబు టేపు వచ్చేది. గోడ మీద బోర్డు ఉండేది. శుభాకాంక్షలు మాత్రమే చెప్పాలి, చెడు వార్తలు చెప్పరాదు, ఏడవరాదు. శిబిరంలో కూడా ఇదే బోర్డు ఉందని అనుకునేవారు.

బన్నన్న రొట్టెలు వేసే ఇళ్ళలో ఒక తల్లీ కూతురూ ఉండేవారు. కొడుకు శిబిరంలో. కూతురు బట్టల మిల్లులో కుట్టుపని చేసేది. కొడుక్కి చిన్నప్పటి నుంచి చెవిపోటు. అందుకని ఆ తల్లి ప్రతి నెలా చెప్పేది ఒకటే.

"బాగున్నావా నాన్నా. వేళకు తిను. చలిగా ఉంటుంది, చెవులు కప్పుకో."

బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు నవ్వుకునేవారు. "కొడుకంటే రెండు చెవులే అన్నట్టు మాట్లాడుతుంది" అని ఒకావిడ అనేది.

వానాకాలం మొదట్లో ఆ తల్లి నిద్రలోనే పోయింది. పాడె మోసిన నలుగురిలో బన్నన్న ఒకడు.

ఆ తర్వాత ఆఫీసు కొత్త భవనానికి మారింది. పాత గదికి తాళం పడింది.

ఒక సాయంత్రం బన్నన్న ఆఖరి బుట్ట వేసేసి ఆ గది పక్కగా వస్తున్నాడు. సన్నగా జల్లు పడుతోంది. వీధి దీపం ఒకటి వెలగడం లేదు. కిటికీకి చెక్కలు కొట్టి ఉన్నాయి. లోపలి నుంచి...

"బాగున్నావా నాన్నా."

సైకిల్ ఆగిపోయింది. తను ఆపానో, అదే ఆగిందో అతనికి గుర్తు లేదు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్ళీ — మెల్లగా —

"చెవులు... చెవులు... చెవులు కప్పుకో."

ఆ గొంతు అతనికి తెలుసు. తన భుజం మీద మోసిన మనిషిది.

బన్నన్న సైకిల్ వదిలేసి పరిగెత్తాడు. బేకరీ మలుపు దాకా వచ్చాక సిగ్గేసింది. సైకిల్ యజమానిది. దెయ్యం ఉన్నా, లేకపోయినా దాన్ని తెచ్చి అప్పగించాల్సింది తనే. నాకు అతనిలో నచ్చేది ఇదే. వెనక్కి వెళ్ళాడు.

ఈసారి తలుపు సందులో వెలుతురు కనిపించింది. వేలితో నెట్టాడు.

లోపల ఇంకా కొత్త భవనానికి తరలించని రెండు టేప్ రికార్డర్లు. ఒకదాని ముందు సౌండాయన, అంటే ఆ గదిలో మొదటి నుంచి రికార్డింగ్ చేసిన పెద్దాయన. తాళంచెవి ఇంకా ఆయన దగ్గరే ఉంది. చేతిలో బ్లేడు. పక్కన ఆ కూతురు, ఒళ్ళో పాత టేపులు.

ఆమె తలెత్తింది. "నువ్వేనా అన్నా. ఇందాక ఎవరో సైకిల్ పారేసి పరిగెత్తితే దొంగేమో అనుకున్నాం."

"మీ అమ్మ గొంతు..." అన్నాడు బన్నన్న.

"పాతదే. బాబాయ్ ముక్కలు కోసి కొత్తగా అతికిస్తున్నాడు."

సౌండాయన తల దించుకున్నాడు.

"తమ్ముడికి చెప్పలేదా?" బన్నన్న గొంతు తగ్గించాడు.

"వాడి గడువు ఇంకెంతో లేదు. వచ్చాక నేనే చెబుతాను. కొండ అంచున తుపాకీ పట్టుకుని నిలబడేవాడు ఇప్పుడిది వింటే కాలు ఎక్కడ పెడతాడో తెలియదు. వాడొక్కడూ తిరిగి రావాలి, అన్నా. నాకు ఇంకేం అక్కర్లేదు."

"మరి సైన్యం ఆఫీసుకి?"

"చెబితే వాళ్ళు వాడికి చెప్పేస్తారు. ఎవరో ఊదినట్టున్నారు, ఒకాయన యూనిఫాంలో ఆరా తీయడానికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మతోనే మాట్లాడాలట. నిద్రపోతోందన్నాను. ఇంకోసారి వచ్చాడు. పెద్దమ్మ ఇంటికి వెళ్ళిందన్నాను."

"ఏమన్నాడు?"

"మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగకుండా పట్టుకుని నిలబడి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు."

బన్నన్న గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఆమె అంది, "ఈ నెల జవాబు వచ్చింది. నువ్వూ విను. వాడికి నీ బన్నులంటే ప్రాణం."

సౌండాయన టేపు పెట్టాడు. గరగర. తర్వాత కుర్రవాడి గొంతు —

"అమ్మా, బాగున్నాను. వేళకు తింటున్నాను..." ఎక్కడో స్పూను కింద పడింది. వెనక ఎవరో నవ్వారు. "...చెవులు కప్పుకున్నాను. అక్కని అడిగానని చెప్పు."

ఆమె ముఖం వెలిగింది. సౌండాయన టేపు ఆపాడు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. స్పూను పడింది. నవ్వారు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"ఏంటి బాబాయ్?"

ఆయన పోయిన నెల జవాబు టేపు తీసి రెండో మిషన్‌లో పెట్టాడు. అందులో మాటల వరుస వేరు. కానీ "వేళకు తింటున్నాను" దగ్గర అదే స్పూను... అదే నవ్వు. అంతకు ముందు నెలది పెట్టాడు. అందులోనూ పడింది.

"ఇవి అతుకులు" అన్నాడు సౌండాయన. "నేనిక్కడ చేసే పని, అక్కడ ఇంకెవరో చేస్తున్నారు."

"అక్కడెందుకు చేస్తారు?"

రెండు మిషన్ల చక్రాలూ ఊరికే తిరుగుతున్నాయి.

ఆమె వాటినే చూసింది. తర్వాత మామూలు గొంతుతో అడిగింది. "ఆయన టోపీ ఎందుకు తీశాడన్నా?"

ఆమె ఏడవలేదు. టేపులన్నీ సంచిలో వేసుకుంది. మైకు తీగ చుట్టి పక్కన పెట్టింది. "రేపు నాకు మొదటి షిఫ్టు" అని లేచింది.

టోపీ ఆయన మళ్ళీ వచ్చినప్పుడు ఆమె తలుపు పూర్తిగా తీసి, "అమ్మ ఇక లేదు. నాకు చెప్పండి" అంది. కుర్రవాడు ఎండాకాలంలోనే మంచులో జారిపడి చనిపోయాడట. ముందు తల్లికి చెప్పాకే ఇంకెవరికైనా చెప్పాలన్నది వాళ్ళ నియమం. కబురు కొండ దిగి ఇక్కడికి చేరేసరికి వానలు పడ్డాయి, తల్లి దొరకలేదు. ఆమెకు కబురు అందేదాకా జవాబు ఆగిపోకూడదని పక్క మంచం కుర్రవాడు పాత టేపులు కోసి పంపుతూ వచ్చాడట. ఎండాకాలం అంటే, ఆ తల్లి ఇంకా బతికే ఉంది. చివరి నెలల్లో ఆమె విన్నదీ అతుకులే.

అబద్ధం తప్పని నేను ఎప్పుడూ చెబుతాను. ఇప్పుడూ చెబుతున్నాను. కానీ వీళ్ళలో ఎవరిని పిలిచి చెప్పాలో నాకు తెలియడం లేదు. ఇటు ఒకరు, అటు ఒకరు, చనిపోయిన ఇద్దరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకునేలా చేశారు. అంతే.

ఆమె ఆ టేపుల్ని మా బేకరీ వెనక బూడిద గుంటలో కాల్చింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్కటీ మిగల్లేదు. మిషన్లు కొత్త భవనానికి పోయాయి. ఆ గదిలో ఇప్పుడు మేకు కూడా లేదు, నేను తలుపు తీసి చూశాను.

బన్నన్న ఆ దారి మానేశాడు. అటువైపు రొట్టెలు ఇప్పుడు నేనే వేస్తున్నాను. భయపడి పని మానడం తప్పు కాబట్టి రోజూ ఆ గది ముందు నుంచే వస్తాను. సైకిల్ వేగం పెంచను. బెల్లు కొట్టను.

టేపుల్లో వాళ్ళెప్పుడూ ఎదురెదురుగా మాట్లాడుకోలేదు. ఈమె మాటకు అతని జవాబు నెలకు గానీ వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ గదిలోంచి వెంటనే వస్తుంది.

"చెవులు కప్పుకున్నావా నాన్నా?"

"ఇక్కడ చలి లేదమ్మా."