నేరుగా ఎగిరేవాడు

చీఫ్ విరూపాక్ష బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి బంగారు రంగు సిగరెట్ లైటర్. మూత తీస్తే మంట, అడుగు తిప్పితే కెమెరా. రెండోది నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. పై మూడు గిన్నెల్లో అన్నం, కూర, పెరుగు పెట్టుకోవచ్చు. అడుగు గిన్నెలో వైర్‌లెస్ సెట్టు ఉంది.

లైటర్ ఎవరికి దక్కుతుందో ఏజెంట్ బస్వరాజ్‌కు ముందే తెలుసు. అలాగే దక్కింది. పక్క కుర్చీలోని ఏజెంట్ జగన్‌మోహన్ దాన్ని ఒక్కసారి వెలిగించి చూసి జేబులో వేసుకున్నాడు. టిఫిన్ క్యారియర్ బస్వరాజ్ ముందుకు జరిగింది.

ఇద్దరూ ఒకే రోజు సర్వీసులో చేరినవాళ్ళు, ఒకే ఏడు పైలట్ లైసెన్సు తీసుకున్నవాళ్ళు. తర్వాత జగన్‌మోహన్‌కు సింగపూర్ మిషన్ వచ్చింది, బస్వరాజ్‌కు సింగరేణి మిషన్ వచ్చింది. జగన్‌మోహన్ ఎక్కడికెళ్ళినా మెడలో దండ వేయించుకుని వస్తాడు. బస్వరాజ్ దగ్గుతో వస్తాడు. డిపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి తెలియని ప్యూన్ కూడా లేడు.

"టార్గెట్?" అన్నాడు జగన్‌మోహన్.

"ఝరాసంగం గుట్ట మీది రాడార్ స్టేషన్. ఊళ్ళోవాళ్ళ దృష్టిలో అది వాన కొలిచే ఆఫీసు. ఒక విదేశీ ముఠాకు దాని ఫోటోలు కావాలి, ఆకాశం నుంచి తీసినవి."

"తీసేదెవరు?"

"అది మీరు తేల్చాలి. మొగుడంపల్లి చేల మధ్య ఒక ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బు పెట్టారు. ప్రైవేటు పైలట్లకు ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్‌లో ఇంటెన్సివ్ కోర్సు. స్టూడెంట్లలో ఒకడు ముఠా మనిషి. మీరిద్దరూ స్టూడెంట్లుగా చేరుతున్నారు."

"లోపల మనవాళ్ళున్నరా సార్?" బస్వరాజ్ అడిగాడు.

"చీఫ్ ఇన్‌స్ట్రక్టర్, కెప్టెన్ భాగీరథి. ముఠా ఆమెను కొన్నది. మనం ఆమెను ఇటు తిప్పుకున్నం. డబుల్ ఏజెంట్. కోడ్ నేమ్ మల్లెమొగ్గ."

మారువేషాలు కూడా చీఫే పంచాడు. జగన్‌మోహన్ హైదరాబాద్ సినిమా ఫైనాన్షియర్, విదేశీ కారు. బస్వరాజ్ జహీరాబాద్ వైపు అల్లం రైతు, పాత మోటార్ సైకిల్. అల్లం రైతుకు విమానం నేర్చుకునే సరదా ఏమిటని ఎవరూ అడగలేదు. అది 1979, వానాకాలం. ఆ ఏడు అల్లం ధర అంత బాగుంది.

క్లబ్బు అంటే ఎర్రమట్టి రన్‌వే, రేకుల హ్యాంగర్, నిచ్చెన మీద ఎక్కే చిన్న టవర్ గది, చుట్టూ చెరుకు. భాగీరథి నీలం జీన్స్, నల్లద్దాలతో హ్యాంగర్ ముందు నిలబడి ఉంది. సరిహద్దు మనిషి కావడంతో ఆమె తెలుగులో కన్నడ తీపి తగులుతుంది. "ఈ వానకు విమానాలు ఎగురుతాయా?" అని కోడ్ మాట అడిగింది. పిట్టలు ఎగిరితే ఎగురుతాయని బస్వరాజ్ జవాబిచ్చాడు. ఆమె తలూపింది. జగన్‌మోహన్ కూడా అదే జవాబిచ్చాడు. ఆమె నవ్వింది.

మొదటి పాఠం హుడ్‌తో మొదలైంది. అది నొసటికి తగిలించుకునే నల్లటి చూరు. జట్కా గుర్రానికి గంతలు కట్టినట్టు, అది పెట్టుకుంటే ముందున్న డయల్స్ తప్ప బయట ఏమీ కనబడదు.

"మబ్బులో పడ్డాక మీ ఒళ్ళు మీకు అబద్ధం చెబుతుంది," అంది భాగీరథి. "విమానం పక్కకు ఒరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. కడుపును నమ్మకండి. ముల్లును నమ్మండి."

బస్వరాజ్ పుట్టినప్పటి నుంచి కడుపునే నమ్మినవాడు. హుడ్ పెట్టుకోగానే అతని విమానం తాగినవాడు ఇల్లు వెతుక్కున్నట్టు నడిచింది. మనం చేను దున్నడం లేదు బస్వరాజ్ గారూ అని ఆమె మెల్లగా చురక వేసి, కాసేపటికే కిందికి దించేసింది. తర్వాత జగన్‌మోహన్‌ను ఎక్కించుకుంది. వాళ్ళు చాలాసేపటికి తిరిగివచ్చారు, నవ్వుకుంటూ దిగారు.

రోజూ ఇదే వరస. పొద్దున జగన్‌మోహన్, మధ్యాహ్నం జగన్‌మోహన్, పొద్దు వాలేటప్పుడు కొసరుగా బస్వరాజ్. అతనికి అన్నం సహించలేదు. లైటర్ మీద కుళ్ళు, ఆ నేర్పు మీద కుళ్ళు, ఆ నవ్వు మీద అన్నింటికంటే ఎక్కువ కుళ్ళు. చెరుకు గట్టు మీద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా వాళ్ళ విమానాన్ని చూసేవాడు. ఆ చూడటంలోనే ఒకటి కనిపెట్టాడు. క్లబ్బు రూలు ప్రకారం ప్రాక్టీస్ చేయాల్సింది దక్షిణాన. జగన్‌మోహన్ విమానం మాత్రం జహీరాబాద్ దాటి ఝరాసంగం దిక్కుకు పోతోంది.

రన్‌వే పక్కన హోటలు నడిపే శివమ్మ అతని ముందు గ్లాసు పెడుతూ, "ఏంది పటేలా, చాయ్‌ల ఈగ పడ్డట్టు మొఖం పెట్టినవ్?" అని అడిగింది. బస్వరాజ్ చాయ్ ముట్టకుండా లేచాడు. ఆ సాయంత్రం చెరుకులోకి దూరి టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె తెరిచాడు.

"జగన్‌మోహన్ అమ్ముడువోయిండు సార్. రోజూ ఝరాసంగం దిక్కు పోతున్నడు."

అటు చీఫ్ కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "దక్షిణానికే పోతున్నరని మల్లెమొగ్గ రిపోర్టు ఉంది. ఆమె మన మనిషి. బస్వరాజ్, ఇది సమాచారమా, కడుపుమంటా? కడుపుమంటకు డిపార్ట్‌మెంట్ బ్యాటరీలు వాడకు."

బస్వరాజ్ తల తీసేసినట్టయింది. అవమానం ఒక ఎత్తు. చీఫ్ అడిగినదానికి జవాబు తనకే తెలియకపోవడం ఇంకో ఎత్తు.

కోర్సు చివరి రోజు పొద్దున శివమ్మ హోటల్లో జగన్‌మోహన్ మిర్చీ బజ్జీ తింటూ తన గొప్ప తానే చెప్పుకున్నాడు. "ఎక్కంగనే హుడ్ పెట్టి కండ్లు మూసుకొమ్మంటది. ప్రాక్టీస్ ఏరియా దాకా ఆమెనే తీస్కపోతది. ఆడ నా చేతికిస్తది. ఒక గీత పోవాలె, వాపస్ రావాలె, జర పక్కకు జరిగి ఇంకో గీత. సాలు పక్కన సాలు. ముల్లు జర్రంత కదలొద్దు. గింత నేరుగ ఎగిరేటోన్ని యాడ చూడలేదంటది మేడమ్."

"ఏ ఏరియా మీద?"

"దక్షిణం మీదనే. ఇంకేడ?"

ఈ రోజు ఫైనల్ టెస్టు, హైదరాబాద్ దాకా పోయి రావాలని కూడా చెప్పాడు. మామూలు దిక్సూచి చెడిపోయినట్టు లెక్కగట్టి మేడమ్ దానికి కాగితం అంటిస్తుందట. ఆమె తిప్పి పెట్టిన, దిక్కు చూపే గైరో డయల్‌ను నమ్ముకునే పోవాలట. భాగీరథి పిలవగానే జగన్‌మోహన్ చేతులు తుడుచుకుని ఈల వేస్తూ వెళ్ళిపోయాడు.

బస్వరాజ్ అక్కడే కూర్చుండిపోయాడు. దక్షిణం మీదనే అన్నప్పుడు ఆ ముఖంలో దొంగతనం లేదు. ఆ ముఖాన్ని అతను అసూయతో ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాడు, అందులో అబద్ధం ఎలా ఉంటుందో అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. జగన్‌మోహన్‌కు తాను ఎక్కడికి పోతున్నాడో తెలియదు. హుడ్ కింద ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? సాలు పక్కన సాలు అంటే ఏమిటో అప్పుడు తట్టింది. ఆకాశం నుంచి మ్యాపు కోసం ఫోటోలు తీసేది అలాగే, విమానం వెంట్రుకవాసి కదలకుండా. స్టూడెంట్లలో ముఠా మనిషే లేడు, ముఠా మనిషి భాగీరథే. ఫోటోలకు మంచి పైలట్‌ను ఎంచుకుంది, అంతే. తనను ఎక్కించుకుని ఉంటే ఫోటోల్లో సగం చెరుకు పడేది.

బయటికి పరుగెత్తేసరికి విమానం లేచింది. దాని పొట్ట కింద గుండ్రటి అద్దం ఒకటి తళుక్కుమంది. హ్యాంగర్ దగ్గర మెకానిక్ గురులింగప్ప తల గోక్కుంటున్నాడు. హైదరాబాద్ పోయి రావడానికి రెండు ట్యాంకులూ నిండా ఎందుకు పోయించిందో మేడమ్ అని గొణుగుతున్నాడు. విమానం తూర్పుకు తిరగలేదు. పడమటికి, సముద్రం వైపు తిరిగింది. అటు నల్లటి మబ్బు గోడలా నిలబడి ఉంది. అందులోకి పోతే ఇక ఎవరికీ దొరకదు. ఫిల్ము ముఠాకు చేరుతుంది, జగన్‌మోహన్ శవం అరేబియా సముద్రానికి చేరుతుంది, దేశద్రోహి అన్న పేరు హైదరాబాద్‌కు చేరుతుంది. వైర్‌లెస్‌లో ఆ రిపోర్టు ముందుగానే ఇచ్చింది తనే.

పోనీ, అని కడుపులో ఏదో అంది. ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. కడుపును నమ్మొద్దని పాఠం చెప్పింది ఆ దొంగ ఇన్‌స్ట్రక్టరే.

అతను టవర్ నిచ్చెన ఎక్కి మైకు అందుకున్నాడు. ఏమని చెప్పాలి? భాగీరథి చెవులకూ అదే రేడియో. ఆమె బ్యాగులో పిస్తోలు ఉండే ఉంటుంది. నిజం చెబితే అక్కడికక్కడే కాలుస్తుంది. హుడ్ తీయమంటే జగన్‌మోహన్ తీయడు, టెస్టు చెడగొట్టడానికి ఏడుస్తున్నాడనుకుంటాడు. ఏం చెప్పినా బస్వరాజ్ చెప్పాడు కాబట్టి నమ్మడు. విమానం ముక్కు మబ్బు అంచును తాకబోతోంది.

బస్వరాజ్ కళ్ళు మూసుకుని బటన్ నొక్కాడు.

"జగన్‌మోహన్, నేను బస్వరాజ్‌ను. నాకంటే నువ్వే మంచి పైలట్‌వి." బటన్‌ను ఇంకా గట్టిగా నొక్కిపట్టాడు. "ఇయ్యాల కాదు, మొదటి నుంచి నువ్వే మంచోనివి. నాకు తెలుసు. చెప్పనీకె మనసు రాలే. నిన్ను చూసి నేర్చుకోవాలె నేను."

స్పీకర్‌లో భాగీరథి నవ్వింది. థాంక్యూ బస్వరాజ్ గారూ, టెస్టు నడుస్తోంది, లైన్ ఖాళీ చేయండి అంది. మబ్బు విమానాన్ని మింగేసింది.

బస్వరాజ్ మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గురులింగప్ప నిచ్చెన కింద నుంచి ఏమైంది పటేలా అని అడుగుతున్నాడు. హ్యాంగర్ రేకుల మీద వాన మొదలైంది. తర్వాత మబ్బులోంచి ఇంజను మోత వినబడింది. మొదట సన్నగా, తర్వాత గట్టిగా. రెక్క ఒకటి కిందికి వాలి, తాగినవాడిలా ఊగుతూ విమానం బయటపడింది. రన్‌వే మీద రెండుసార్లు ఎగిరిపడి చెరుకు అంచున ఆగింది. అంత వంకరగా జగన్‌మోహన్ ఎన్నడూ దింపలేదు.

అతను ముక్కున నెత్తురు కారుతుండగా దిగాడు. మెడలో టై లేదు, అది భాగీరథి మణికట్ల చుట్టూ ఉంది. పిస్తోలు అతని చేతిలో ఉంది.

"ఎట్ల తెలుసుకున్నవ్?" అని అడిగాడు బస్వరాజ్.

"నీ నోట్ల నా తారీఫ్ విన్న. పన్నెండేండ్లల్ల ఒక్కపారి అనలే నువ్వు. దునియాల ఏదో ఉల్టా అయిందనుకొని హుడ్ తీసిన. కాగితం చింపి చూస్తే ముల్లు పడమటికున్నది. మేడమ్ చెయ్యి బ్యాగుల ఉన్నది."

భాగీరథి నల్లద్దాల వెనక నుంచి బస్వరాజ్‌ను చాలాసేపు చూసింది. "మీ డిపార్ట్‌మెంట్ కోడ్‌లన్నీ నా దగ్గరున్నాయి," అంది. "ఇదొక్కటి లేదు."

చీఫ్ విరూపాక్ష జీపులో వచ్చాడు. విమానం పొట్టలోంచి కెమెరా తీయించాడు. గాల్లో శత్రువును పట్టుకున్నందుకు జగన్‌మోహన్‌కు పతకం సిఫారసు చేస్తానన్నాడు. బస్వరాజ్ భుజం తట్టి, బ్యాటరీలు కావలసినన్ని వాడుకోమన్నాడు.

తర్వాత జగన్‌మోహన్ పక్కకు వచ్చి, రేడియోలో అన్నది నిజమేనా అని గొంతు తగ్గించి అడిగాడు. మిషన్ కోసం అన్న మాట, అంతేనని బస్వరాజ్ చెప్పాడు. అబద్ధాలాడటం అతని వృత్తి. అయినా చెవులు ఎర్రబడ్డాయి.

టవర్‌లోని టేప్ రికార్డర్‌లో ఆ మాటలన్నీ రికార్డయ్యాయి. కేసుకు సాక్ష్యంగా టేపును ఢిల్లీకి పంపాలని చీఫ్ నిర్ణయించాడు. పంపేలోపు తనకొక కాపీ ఇప్పించమని, పండుగనాడు చుట్టాలందరూ వచ్చినప్పుడు వినిపించాలని జగన్‌మోహన్ అప్పటికే దరఖాస్తు పెట్టుకున్నాడు.