పాతర మీది పలకలు

చంద్రగిరిలో కల్యాణవల్లమ్మ వంటిల్లు ఆ మధ్యాహ్నం బోసిగా ఉంది. నేలకు పూలబిళ్ళలు పరవాలని పొయ్యి, పాత్రలు పెరట్లోకి చేర్చారు. పని ముగిసి పుణ్యాహవచనం అయ్యేదాకా వంట అక్కడే. గదిలో సగం సిమెంటు గచ్చు, మిగతా సగం పాత ధాన్యపు పాతర. ఆ గుంత మీద టేకు పలకలు పరిచి ఉన్నాయి.

గచ్చు వేసింది, ఇప్పుడు బిళ్ళలు పరిచే తాపీపనికి వచ్చిన బేల్దారి చెంగల్రాయుడి అన్న చిన్నబ్బ. నాలుగేళ్ళ కిందట, యుద్ధం రోజుల్లో, ఆ సగం పని ముగించినవాడు మళ్ళీ ఇంటిముఖం చూడలేదు. కోలారు గనులకు పోతున్నానని చెప్పి వెళ్ళాడట. ఈ ఇంటివాళ్ళ మాట అది. చెంగల్రాయుడు ఏనాడూ నమ్మలేదు. ఈ పని ఒప్పుకున్నదే అన్న జాడ కోసం.

"పలకలు ఎత్తొద్దప్పా," అంది గడప బయట కూర్చున్న కల్యాణవల్లమ్మ. "మేకులు బిగించి పైనే బిళ్ళలు పరిచెయ్."

"సిమెంటు కదల్దమ్మా, చెక్క కదుల్తాది. రెండూ కలిసే కాడ బిళ్ళ పగుల్తాది. పలకలు తీసి, గుంత రాళ్ళతో పూడ్చి, దిమ్మిసతో కొట్టాల."

"పగిల్తే పగలనీ."

కొత్త బిళ్ళలు పగిలినా ఫర్వాలేదనే ఇల్లాలిని అతనెక్కడా చూడలేదు. ఏదో దాస్తోంది! పైకి మాత్రం బుద్ధిమంతుడిలా తలూపి, ఆమె నీళ్ళకు లేచేదాకా మేకులు ఏరుతూ కూర్చున్నాడు.

ఆమె అటు వెళ్ళగానే ఒక పలక పెరికాడు. పుచ్చిన రాగుల వాసన గుప్పుమంది. పాతర తెరిస్తే ముందు దీపం దించాలి. లోపల గాలి చెడి ఉంటే దీపం ఆరిపోతుంది. బుడ్డిదీపం తాడుకు కట్టి వదిలాడు. కదలకుండా వెలిగింది. నాలుగు గోడలూ, అడుగూ స్పష్టంగా కనిపించాయి. ఎవరూ లేరు.

"చెంగా... ఈడుండానురా... దిగు."

చిన్నబ్బ గొంతే! చెంగల్రాయుడికి ఏడుపు తన్నుకొచ్చింది. "అన్నా!" అంటూ ఒక కాలు లోపలికి జార్చాడు.

"దిగొద్దు!"

కల్యాణవల్లమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. గొంతు బాగా తగ్గించింది.

"మీ అన్న కూడా ఇట్లే దిగినాడు. తమ్ముడు కింద నుంచి పిలుస్తాండాడని. వద్దన్నా వినలేదు. ఉన్నది చెబితే ఎవరు నమ్ముతారని కోలారు పేరు చెప్పినాము."

"నేనా? నేనప్పుడు పలమనేరులో ఉంటినమ్మా..."

"నీ పేరు పిలుచుకుంటానే దిగినాడప్పా."

కింద దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది.

"చెంగా... ఎంత సేపురా..."

కాలు లాక్కున్నాడు. కింద ఉన్నది నిజంగా అన్నే అయితే? ఆ అనుమానంతో చేతులు ఆడలేదు. అయినా దీపాన్ని లోపలే వదిలేసి పలక మూశాడు. ఏడుస్తూనే మేకు పెట్టి కొట్టాడు. ఒకటి... రెండు... మూడు... పిలుపు ఆగిపోయింది.

సుత్తి కింద పెట్టాడు.

ఠక్...

పలక అడుగు నుంచి. ఠక్... ఠక్...

"పైన ఉండేది మా తమ్ముడు కాదు," అని లోపల చిన్నబ్బ ఎవరితోనో గుసగుసగా అంటున్నాడు.

చెంగల్రాయుడి మోకాలి పక్కనే, చెక్కను చీల్చుకుంటూ, కింద నుంచి కొట్టిన మేకు మొన ఒకటి పైకి తేలింది.