లేవబోతలు: సున్నా

కుర్చీలో కూర్చోబెట్టి తొమ్మిదో గంట. లేవబోతలు: సున్నా.

తెర మీది అంకె చూసి పరంజ్యోతి కళ్ళు నులుముకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అతనిది ఒకటే పని, ఆఫీసు కుర్చీలు రూపొందించడం. మనిషి లేవాలనుకోగానే ముందు తొడ బిగుస్తుంది. ఆ బిగువును కుర్చీ పసిగట్టి మెత్తగా ఒదిగిపోవాలి. లేవాలన్న కోరిక అక్కడే చల్లారిపోవాలి. అతని మొదటి కుర్చీలో మనిషి లేవబోయిన సార్లు, అంటే లేవబోతలు, రోజుకు నలభై. తర్వాత పదిహేడు. పోయినేడు ఆరుకు దించితే శాలువా కప్పారు. ఇప్పుడు సున్నా. ఇంతకన్నా సాధించేదేముంది!

కుర్చీని పరీక్షించడానికి కూర్చోబెట్టిన సుగుణమణికి రెండు నెలలుగా ఈ కుర్చీలోనే ఉద్యోగం. సాయంత్రం కుర్చీతో సహా బస్సెక్కించి ఇంటికి పంపుతారు.

"ఎలా ఉందమ్మా?"

"శానా బాగుంది బాబూ. కాళ్ళున్నట్టే తెలట్లేదు," అంటూ ఆమె టీ గ్లాసు అందుకోబోయింది. చెయ్యి జారి, పొగలు కక్కే టీ ఆమె పాదం మీద ఒలికింది. ఆమె ఉలిక్కిపడనైనా లేదు. "అయ్యో, నేలంతా పాడు సేసినాను," అంది.

పరంజ్యోతి గబాలున వంగి రుమాలుతో తుడిచాడు. చర్మం ఎర్రగా కందిపోయింది, వేలు కూడా కదల్లేదు. కోరిక చల్లారలేదు, బిగుసుకోవడానికి తొడలో సత్తువే లేదు. ఇదా తను సాధించిన సున్నా! అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

స్పీకర్లో డైరెక్టర్ చంద్రావతి గొంతు వినిపించింది. "కంగ్రాట్స్ పరంజ్యోతి గారూ! సంతకం పెట్టేయండి. నాలుగింటికల్లా ఊళ్ళో ఉన్న మన మూడు లక్షల కుర్చీలకూ ఈ ఒదుగుడు ప్రోగ్రాం ఎక్కించేద్దాం."

"మేడమ్, ఈవిడ కాళ్ళు చచ్చుబడిపోయాయి."

"ఆవిడ ఫిర్యాదు చేసిందా?"

చేయలేదు. రేపు ఎవరూ చేయరు. చేయాలని తోచనివ్వకపోవడమే కదా అతని పనితనం.

అతను ఆ ప్రోగ్రాం ఫైలు తెరిచి ఒదుగుడంతా తీసేశాడు. నాలుగింటి నుంచి గంటకోసారి కుర్చీ ముందుకు వంగి మనిషిని లేపేసేలా మార్చి రాశాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగానికి నీళ్ళొదులుకుని సంతకం పెట్టాడు. తర్వాత సుగుణమణిని చంకల కింద పట్టి పైకెత్తాడు.

"వద్దు బాబూ! లేస్తే నా ఉజ్జోగం పోద్ది!" ఆమె భోరుమంది.

"నాదీ పోయిందమ్మా. నా భుజం పట్టుకో."

నాలుగైంది. కింది అంతస్తుల్లో కుర్చీలన్నీ ఒక్కసారి వంగాయి.

"ఏటి బాబూ ఆ సప్పుడు?"

"జనం లేస్తున్నారు."

"నిలబడతన్నారా?"

అతను చెవి ఒగ్గి విన్నాడు. అక్కడక్కడా అడుగుల చప్పుడు. కూలబడుతున్న చప్పుళ్ళే ఎక్కువ.