పేరడిగే గెస్ట్ బ్లాక్

సౌదీలోని యాన్బులో మా పనివాళ్ల క్యాంపు చివర గెస్ట్ బ్లాక్ అని ఒకటుంది. ఈమధ్య దానికి చెడ్డ పేరొచ్చింది. మగ్రిబ్ నమాజు వేళ దాటి చీకటి పడితే అటువైపు ఎవరూ పోరు. ఖాళీ బిల్డింగే... కానీ కిటికీలో నీలం వెలుగు కదులుతుందనీ, లోపల ఆడమనిషి నవ్వుతుందనీ చెప్పుకుంటారు. అంతా మగాళ్లే ఉండే క్యాంపులో ఆడనవ్వు అంటే మాటలా?

ఆ దయ్యాన్ని దగ్గరగా చూసిన మొనగాడు మా పీరయ్య ఒక్కడే. జగిత్యాల వైపువాడు, బిల్డింగుల తాళాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. దానికి పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని సరిగ్గా అన్నాల వేళ చెప్పేవాడు. వినేవాళ్లకు ముద్ద దిగేది కాదు. ఆయన మాత్రం మారు వడ్డించుకుని తిని, షుగరుకు నడక మంచిదంటూ బయటికి పోయేవాడు.

ఇక లింబాద్రి సంగతి. అతని నోటే విన్నాను.

లింబాద్రిది సెంట్రింగ్ పని, ఉండేది పీరయ్య గదిలోనే. ఆ రోజు మధ్యాహ్నం కోరుట్ల ఆస్పత్రి నుంచి అత్త ఫోన్ చేసింది. "ఆడపిల్ల పుట్టింది బిడ్డా... సునీత..." అంతే — లైను తెగింది. టవరేదో చెడి క్యాంపంతా సిగ్నల్ పోయింది. భార్య సునీతకు ఏమైంది? పొద్దుగూకేదాకా ఆ సగం మాటే అతని చెవిలో తిరిగింది. పాపం, అన్నం కూడా ముట్టలేదు.

రాత్రి ఇషా నమాజు అయ్యాక ఫోను పైకెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం తిరగడం మొదలుపెట్టాడు. తలెత్తి నడిచేవాడికి దారేం తెలుస్తుంది... చూసుకునేసరికి గెస్ట్ బ్లాక్ గోడ పక్కన ఉన్నాడు.

ఫోన్‌కి ఏదో వైఫై తగిలింది. పాస్‌వర్డ్ లేదు. వేలు పెట్టాడు.

పేజీ ఒకటి తనంతట తనే తెరుచుకుంది. అందులో — తెలుగులో —

"ఎవరు నువ్వు? పేరు చెప్పు."

అరబ్బీ కాదు, ఇంగ్లీషు కాదు... ఈ దేశంలో తెలుగులో పేరడిగేది మనిషై ఉండడని లింబాద్రికి అర్థమైపోయింది.

పారిపోదామంటే సునీత. చెబుదామంటే భయం — రాత్రిపూట అలాంటివాటికి సొంత పేరు చెబితే ఇంకేమన్నా ఉందా? దాన్ని చూసి కూడా బతికిన మనిషి ఒకడున్నాడు గదా అనుకున్నాడు. 'పీరయ్య' అని కొట్టాడు.

చక్రం తిరిగింది... తిరిగింది... ఆగింది.

"పీరయ్య లోపలే ఉన్నాడు."

పేరు చెప్పి మనిషిని దయ్యానికి అప్పజెప్పానని లింబాద్రికి ఏడుపొచ్చింది. తనకు జ్వరమొస్తే తెల్లవార్లూ తడిగుడ్డ వేసిన పీరయ్య... వదిలి పోవడానికి మనసొప్పలేదు. తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల చీకటి. పైనుంచి — ఆడమనిషి నవ్వు.

కొండగట్టు అంజన్నను తలచుకుంటూ మెట్లెక్కాడు. ఒక గది తలుపు కింద నీలం వెలుగు. తీశాడు —

పీరయ్య... కవరు విప్పని కొత్త పరుపు మీద కాళ్లు చాపుకుని, ఫోన్‌లో పెండ్లాం ముత్యవ్వతో సరసాలాడుతున్నాడు. గుమ్మంలో నల్లటి ఆకారాన్ని చూసి ఆయన పెట్టిన కేక క్యాంపు అవతలి కొసకు వినబడింది. ఆ దయ్యాన్ని పుట్టించింది తనేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకే గుర్తులేదు.

జరిగిందేమంటే, హెడ్డాఫీసు నుంచి వచ్చే అతిథుల కోసం మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే కడప ఇష్తియాక్ ఒక పాత విండోస్ డబ్బాతో ఆ బ్లాకుకు నెట్టు పెట్టాడు. ఆఫీసు కేబుల్ లైను కాబట్టి దానికి టవర్‌తో పనిలేదు. పేరు చెప్పందే ఆ పేజీ నెట్టు వదలదు. అందులో రాయాల్సిన అరబ్బీ మాటలు మేనేజరు ఇంకా తేల్చలేదని, అప్పటిదాకా పరీక్షకు తన తెలుగే కొట్టిపెట్టాడు. ఒక పేరు మీద ఒక ఫోనే నడుస్తుంది; అదే పేరు ఇంకో ఫోన్లో కొడితే ఆ మనిషి లోపలే ఉన్నాడంటుంది. అతిథులు రానే లేదు. పీరయ్య మాత్రం దాన్ని కనిపెట్టి, పదిమంది ఎగబడితే స్పీడు పోతుందని దయ్యాన్ని కాపలా పెట్టాడు.

"అన్నా, సునీతకు ఏమైందో తెల్వదే" అన్నాడు లింబాద్రి.

పీరయ్య ముత్యవ్వ ఫోను పెట్టేసి, లింబాద్రి ఫోన్లో లింబాద్రి పేరే కొట్టి, కాల్ కలిపి చేతికిచ్చాడు.

సునీతే ఎత్తింది. గొంతు నీరసంగా ఉంది గానీ మంచిగనే ఉన్నానంది. పాప ముఖం తెర నిండా వచ్చింది. లింబాద్రి ఏడ్చేశాడు, దాచుకోలేదు. వెనక నుంచి పీరయ్య తొంగిచూశాడు. ఆయన ముఖంలోకి ఇంకా నెత్తురు రాలేదు.

"నీ పక్కకు ఎవలయ్యా?" అడిగింది సునీత.

"దయ్యం" అన్నాడు లింబాద్రి, పాప మీంచి చూపు తిప్పకుండా.