సగం చీర

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వసారాలో నులకమంచం మీద మామ చిన్నమల్లయ్య, దొడ్లో గొర్రెలకు నీళ్లు పోస్తున్న భర్త అంకన్న, కుట్టుమిషను పక్కన రమణి, ముందురోజు సాయంత్రం కొమరోలు నుంచి వచ్చిన ఆడబిడ్డ సుమతి. అత్త సుబ్బులమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె సంవత్సరీకం మర్నాడే.

రమణి బొంతలు కుడుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్‌లో ఆమె బొంతల ఫోటోలు చూసి, తమ అమ్మల చీరలూ నాయనమ్మల చీరలూ కొరియర్‌లో బేస్తవారిపేటకు పంపిస్తారు. వాటిని త్రికోణాలుగా కోసి, నక్షత్రాల్లా పేర్చి, మిషను మీద అతుకుతుంది. ఆ కోత ఫోన్‌లో చూసి నేర్చుకున్నదే. కానీ తర్వాత చేతిసూదితో అంచుల నుంచి చుట్లు తిరుగుతూ నడిమిదాకా వేసే కుట్టు మాత్రం అత్త నేర్పింది. మంచి గుడ్డ పైకి కనపడాలి, నలిగి మెత్తబడిన గుడ్డ లోపలి పొరలోకి పోవాలి. అత్త మొదటిరోజు చెప్పిన మాట అదే.

తల్లి పోయాక సుమతి ఆ ఇంటికి రెండుసార్లే వచ్చింది. ఇక ఆ రాకపోకలు కూడా ఆగిపోతాయేమోనని రమణికి భయం. అందుకే మూడు నెలలుగా, ఆర్డర్లు పక్కన పెట్టి, అత్త చీరలన్నీ కలిపి సుమతి కోసం ఒక బొంత కుట్టింది.

టీ తాగి గ్లాసు కింద పెడుతూ సుమతి అడిగింది.

"రమణీ, అమ్మ పెట్టె ఒకసారి తీస్తావా? దాంట్లోది ఒకటి తీసుకపోదామని వచ్చినా."

రమణి ముఖం వెలిగిపోయింది.

"పెట్టెలో ఏముంది వదినా, అంతా బయటికొచ్చింది. ఉండు, చూపిస్తా!"

బొంత తెచ్చి వసారాలో చాప వేసి పరిచింది. ఎర్ర చీర నక్షత్రాలు, పచ్చ చీర అంచులు, పసుపు పట్టు త్రికోణాలు. సుమతి బొంత పక్కన కూర్చుంది. వేలితో ఒక్కో ముక్కా తడిమింది.

"ఇది నా పెండ్లికి కట్టింది. ఇది నువ్వు కాపరానికి వచ్చిన దినం కట్టింది."

దొడ్లోంచి వచ్చిన అంకన్న నవ్వాడు. "దీన్ని కుట్టబట్టి మూడు నెల్లుగా నాకు అడిగినప్పుడు అన్నం లేదక్కా. అదేదో ఆ బొంతనే వండి పెట్టమన్నా."

సుమతి కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే అడిగింది.

"మరి ఆ సగం చీర యాడ పెట్టినావు? ఊదారంగు నేతది."

"అదా? లోపల వేసినా వదినా. చానా మెత్తగుంది."

సుమతి చెయ్యి బొంత మీద ఆగిపోయింది.

"లోపలంటే?"

"నడిమి పొరలో. సగం చినిగి ఉంది కదా, ఇంకా ముక్కలు చేసి పలచగున్న చోటల్లా పరిచినా."

సుమతి తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు చూస్తానే ఉన్నావారా?"

"పాత గుడ్డే కదక్కా. నన్ను అడిగితే నేనే వేసుకోమన్నా."

"మిగతా సగం ఏమైందో నీకు గుర్తు లేదా?"

అంకన్న నవ్వు పోయింది. తల దించుకున్నాడు. మంచం మీద నుంచి చిన్నమల్లయ్యే మాట్లాడాడు.

"రమణమ్మా, అది నువ్వు ఈ ఇంటికి రాకముందు సంగతి. సుమతికి ఆడపిల్ల పుట్టింది. మూడు దినాలు బతికింది. మీ అత్త ఆస్పత్రిలో మార్చుకునేదానికి తీసుకపోయిన చీర అది. సగానికి చించి బిడ్డకు చుట్టింది. నా చేతుల్తోనే పూడ్చినా. మిగతా సగం కూతురికి ఇస్తానని దాచింది. ఈ ఇంట్లో ఆ మాట ఎవ్వరమూ ఎత్తం. అందుకే నీకు తెలీదు."

"దానికొక ఫోటో లేదు, పేరు లేదు," అంది సుమతి. "అది ఈ భూమ్మీదికి వచ్చింది అనేదానికి ఆ గుడ్డొక్కటే ఉంది."

రమణి బొంతను తన వైపు లాక్కుంది.

"విప్పుతా వదినా. ఇప్పుడే విప్పి ఇస్తా."

బ్లేడు తెచ్చి కూర్చుంది. ఎన్నిసార్లు ఉతికినా ఊడదని అందరూ మెచ్చుకునే కుట్టు అది. ఇప్పుడు ఒక్క పోగు తెగాలంటే చేతులు నొప్పి పుడుతున్నాయి. దారం లాగితే దాంతోపాటు గుడ్డ కూడా వస్తోంది. ఎండ వసారా దాటేసరికి పావు వంతు బొంత విడింది. ఊదారంగు పీచు పీచుగా దారాలకు వేలాడుతోంది. అరచేయంత ముక్కలు ఆరో ఏడో దక్కాయి. వాటిని నేల మీద పేర్చి చూసింది. ఒకదానికొకటి కలవలేదు. మధ్యలో ఉండాల్సిన సన్న పీలికలను కోసిన రోజే ఊడ్చి పొయ్యిలో వేసింది.

ఇన్నేళ్లలో ఎందరి చీరలో కోసింది. మంచం ఎంత, రంగులు ఏవి, ఎన్ని రోజుల్లో కావాలి అని అందరినీ అడిగింది. దీన్ని కోయవచ్చా అని ఒక్కరినీ అడగలేదు. ఆ ఆలోచన రాగానే కళ్లు నిండి కుట్టు కనపడలేదు. బ్లేడు పక్కకు జారి ఇంకో ముక్క నిలువునా చీలింది.

"ఇంక చాల్లే," అంది సుమతి. "ఇంక చించొద్దు."

వంగి ముక్కలూ పీచూ ఏరి కొంగులో వేసుకుంది. రమణి జుట్టుకు అంటుకున్న ఒక పోగును కూడా జాగ్రత్తగా తీసింది. లేచి లోపలి గదిలోకి నడిచింది. రమణి గడప దాకా వెంట వెళ్లింది.

"వదినా, నన్ను తిట్టు. రెండు దెబ్బలన్నా కొట్టు."

"కొట్టేదానికి నువ్వేం చేసినావు? మంచికే కుట్టినావు."

"రేపు ఉంటావు కదా?"

"అమ్మ పని అయ్యేదాంక ఉంటా."

"ఆ తర్వాత? మళ్లీ వస్తావు కదా వదినా?"

సుమతి ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండుననిపించింది రమణికి. సుమతి ఒక చేత్తో కొంగు గుండెకు అదుముకుని, రెండో చేత్తో తలుపు మూసింది. లోపల గడియ పడింది.