ఎంగిలి ఊపిరి

గుండ్లపోచంపల్లి నుంచి మేడ్చల్ పోయే దారిలో, గోదాముల వరస దాటినాక, నీలం రేకుల షెడ్డు ఒకటుంది. ముందర సాయినాథ్ సెకండ్‌హ్యాండ్ దుకాణం. వెనక అతనూ, భార్య భవానీ కాపురముండే ఒంటి గది. పాత కూలర్లు, ఆఫీసు కుర్చీలు, పిల్లల సైకిళ్ళు... ఒకరికి అడ్డమై ఇంకొకరికి అక్కరకొచ్చే సామాను ఎట్లా వచ్చేదో అట్లా పోయేది. పోనివి వీణలు, గిటార్లు లాంటి పాట సామాన్లు మాత్రమే. వాటిని సాయినాథ్ అమ్మడానికని కొంటాడు గానీ, ఇంటికి తెచ్చినాక మనసు ఒప్పదు.

ఆదివారం వచ్చిందంటే అతనికి జాతర వచ్చినట్టే. శామీర్‌పేట దిక్కు విల్లాల్లో ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తుంటారు. పచ్చగడ్డి మీద దుప్పటి పరిచి, మిక్సీ జార్లు, చేపల తొట్టి, ఒక్కసారి కూడా తొడగని బూట్లు పేర్చి పెడతారు. సాయినాథ్ చల్లటి పొద్దున్నే ట్రాలీ ఆటో వేసుకుని, కూనిరాగం తీసుకుంటూ పోతాడు. ఎవరి పాటలోనో విన్న వీణ ఇదేనేమో, ఏ ప్రేమికుడు ఏ వెన్నెల్లో వాయించిన గిటారో అనుకుంటూ తంతి మీద వేలు పెడితే చాలు, కళ్ళు చెమ్మగిల్లుతాయి. అట్లాంటి మనిషి.

భవానికి ఆ చెమ్మ ఏడాది పాటు ముద్దొచ్చింది. ఆ తర్వాత గదిలో కాలు పెట్టే జాగ లేకుండా పోయింది. ఒకనాటి రాత్రి, వాన నీళ్ళు నేల మీదికి వస్తున్నాయని సాయినాథ్ వీణను మంచం మీద పడుకోబెట్టాడు. భవాని చాప మీద, తడిలో పడుకుంది.

"నీ వీణతోనే సంసారం జెయ్యి. పిల్లల్ని గూడ గదే కంటది తియ్యి," అని పొద్దున్నే సంచి సర్దుకుని, బోనాల పేరు చెప్పి యాప్రాల్‌లో తల్లిగారింటికి పోయింది. బోనాలైపోయినా రాలేదు. బతిమిలాడి బతిమిలాడి సాయినాథ్ గొంతు ఆరిపోయాక, ఫోన్‌లో ఒక్కటే మాట చెప్పింది.

"ఆదివారం పొద్దుమీకే యాళ్ళకు ఒస్త. గదిల ఒక్క పాట సామాను నా కంటబడ్డా, గడప కాడికెళ్ళే ఎనక్కి తిరుగుత. ఇగ మళ్ళ రాను. జూస్కో మరి."

భవాని అన్నదంటే అన్నట్టే. సాయినాథ్ గుండె రాయి చేసుకుని వీణ ఇచ్చేశాడు, హార్మోనియం ఇచ్చేశాడు, తీగలు తెగిన గిటార్లు మూడూ ఇచ్చేశాడు. ఆ ఆదివారం మధ్యాహ్నానికి మిగిలింది ఒకే ఒకటి. నల్లటి పెట్టెలో, ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద, ముక్కలు ముక్కలుగా పడుకున్న క్లారినెట్టు.

అది ఒక విల్లా ముందర, రక్షిత అనే ఆమె దగ్గర దొరికింది. "మాది కాదండీ. మేం దిగినప్పుడే స్టోర్ రూమ్ అటక మీద ఉంది. తీసుకెళ్తే అదే పదివేలు," అని, అతను కొన్న మిక్సీ మీద దాన్ని కొసరుగా పడేసింది. అక్కడే, గడ్డి మీద నిలబడే, సాయినాథ్ ముక్కలు బిగించి మూతికి పెట్టుకున్నాడు. పాట రాలేదు. ఉత్త గాలి వచ్చింది. ఆనాటి నుంచి ఛాతీలో ఏదో బరువు. కూనిరాగం తీద్దామంటే సగంలోనే ఆయాసం. వానాకాలం కదా, జలుబు చేసిందనుకున్నాడు.

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినా ఆ క్లారినెట్టు ఇప్పుడు పోవట్లేదు. పొద్దుటి నుంచి ఫోన్‌లో మెసేజీలే మెసేజీలు. ఒకడు "లాస్ట్ ఎంత?" అంటాడు, చెప్తే జవాబుండదు. ఇంకొకడు అల్వాల్ దాకా తెచ్చి చూపించమంటాడు. ఒకామె కారు దిగి, పెట్టె తెరిచి, అటూ ఇటూ తిప్పి, "దీనికి బల్బు పెడితే టేబుల్ ల్యాంపు అయితదా?" అని అడిగింది. సాయినాథ్‌కి ఏడుపొక్కటే తక్కువ. పైగా ఆమె ముక్కు ముడిచి, "ఛీ, తడిగుందేంది?" అంది.

నిజమే. తడిగా ఉంది. నోట్లో పెట్టుకునే చోట బిగించిన సన్నటి బద్ద, రీడు అంటారు దాన్ని, అప్పుడే ఎవరో నోట్లోంచి తీసినట్టు మెరుస్తోంది. సాయినాథ్ పొద్దున్నే గుడ్డతో తుడిచాడు. నిన్న ఎండలో కూడా పెట్టాడు. వానాకాలం సామానుతో ఇదే పరేషాన్ అని గొణుక్కుంటూ మళ్ళా తుడిచాడు.

ఆఖరికి యాకోబు వచ్చాడు. పెళ్ళి బ్యాండులో ముప్పై ఏళ్ళు క్లారినెట్టు వాయించిన ముసలాయన. ఇప్పుడు క్రిస్మస్‌కి చర్చి ఊరేగింపులో మాత్రం ఊదుతాడు. స్కూటర్ స్టాండు వేసి, రెయిన్‌కోట్ విప్పకుండానే నవ్వుతూ లోపలికొచ్చాడు.

"ఏం బిడ్డా, పెండ్లాం ఒస్తాందంట గద? గందుకేనా గింత జల్దీ?"

"నవ్వకు తాతా. నువ్వు తీస్కపోతె నా సంసారం నిలబడ్తది. పైస గూడ ఒద్దు."

యాకోబు పెట్టె తెరిచాడు. నల్లటి కర్రను ప్రేమగా నిమిరాడు. "మస్తు సామాను రా..." అంటూ మూతి ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు రీడు మీద ఆగింది. నవ్వు పోయింది.

"ఇప్పుడు ఎవరూదిండ్రు దీన్ని?"

"ఎవ్వరు ఊదలే."

"తడిగుంది."

"వాన తాతా..."

"వాన తడి నాకు తెల్వదా? ఇది నోటి తడి. ఎచ్చగున్నది." మెల్లగా పెట్టెలో పెట్టేసి, వేళ్ళను ప్యాంటుకు గట్టిగా తుడుచుకున్నాడు. "నువ్వు మూతి వెట్టినవా?"

"తెచ్చిననాడు. ఒక్కసారి."

"పాట ఒచ్చిందా?"

"రాలే. ఉత్త గాలే."

ముసలాయన పెట్టె మూత దించాడు.

"మా బ్యాండుల ఒక మనిషి పోతే, ఆయన రీడు ఇరిచి ఆయన జేబులనే ఏస్తం. ఆయనతోనే పోతది. గీ గొట్టం, పీకె, ఎవరన్న వాయించుకోవచ్చు. రీడు గట్ల గాదు. అది ఎంగిలి. బతికున్నోనిదైతే కడుక్కుంటే పాయె. సచ్చినోని ఎంగిలి... కడిగితె పోదు బిడ్డా." గొంతు తగ్గించాడు. "దీని రీడు ఎవ్వరు ఇరవనట్టుంది. పొద్దుమీకక ముందే నువ్వన్న ఇరువు."

"నువ్వే ఇరువు తాతా, నీకు తెలుసు గద!"

"మూతి వెట్టింది నువ్వు. నేను గాదు."

స్కూటర్ వెళ్ళిపోయింది. సాయినాథ్‌కి భయం కంటే కోపం ఎక్కువొచ్చింది. ఊరికే ఇస్తానన్నా ఒక్కడు తీసుకోడు! అందరికీ ఏదో ఒక వంక. ఆ కోపంలోనే రెండు కూలర్లు అటు జరిపాడు, ఇటు జరిపాడు. గది ఊడ్చాడు. మంచం మీద కొత్త దుప్పటి వేశాడు. మళ్ళా వాన మొదలైంది. రేకుల మీద చప్పుడు పెరిగి పెరిగి, ఒక్కసారిగా కరెంటు పోయింది. దుకాణంలో పాత సామాను వాసన, తడి మన్ను వాసన, వాటి కింద ఇంకోటి. చాలా రోజులు మూసిన నోటి వాసన.

వాన కాస్త తెరిపిచ్చింది.

అప్పుడు వినిపించింది.

హా...

గాలి. సన్నటి గొట్టంలోంచి పోతున్న గాలి. స్వరం లేదు. ఊదుదామని ఒకరు మొదలుపెట్టి, ఊపిరి చాలక, ఆపి, మళ్ళా మొదలుపెడుతున్నట్టు...

హా... హా...

పెట్టె మూసే ఉంది.

సాయినాథ్ ఫోన్ లైటు వేశాడు. పెట్టె తెరిచాడు. చప్పుడు ఆగింది. మూతి ముక్క తీసి మరలు వదులు చేశాడు. రీడు వేళ్ళ మధ్యకు వచ్చింది. జిగట. గోరువెచ్చన. కళ్ళు మూసుకుని, రెండు కొసలూ పట్టి వంచాడు.

ఊపిరి ఆగింది.

అతనిదే. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు. ఇంకొంచెం వంచాడు... ఛాతీ బిగుసుకుంది. కళ్ళ ముందు నల్ల చుక్కలు. ఇంకొక్క కొంచెం వంచితే విరిగేది. విరవలేకపోయాడు. వదిలేశాడు.

వదలగానే ఊపిరి అందింది.

నేల మీద కూలబడి, దగ్గి దగ్గి, ఎంతసేపటికో లేచాడు. ఏడ్చాడు కూడా. అప్పుడే ఫోన్ మోగింది. భవాని.

"బస్సు దిగిన. మస్తు వాన గొడ్తాంది. గొడుగు వట్టుకొని రా. గది ఖాళీ జేసినవా?"

"చేసిన... చేసిన. నువ్వాడనే ఉండు. నేనొచ్చెదాంక కదలకు."

రీడును మళ్ళా బిగించకుండానే పెట్టెలో పడేసి, గొళ్ళెం వేసి, దుకాణంలో మూల కూలర్ కిందికి కాలితో తోశాడు. దుకాణంలో ఉంటే గదిలో ఉన్నట్టు కాదు కదా. రేపు తెల్లారగానే ఎక్కడన్నా పారేద్దాం. ఈ ఒక్క రాత్రి గడిస్తే చాలు. గొడుగు తీసుకుని, షట్టర్ దించి ఉరికాడు.

బస్టాపులో భవాని లేదు. చాయ్ బండి వాడు, "షేర్ ఆటో ఎక్కింది గదన్నా, ఇప్పుడే," అన్నాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. సాయినాథ్ వెనక్కి తిరిగాడు. చిన్న ఉరుకుకే ఆయాసం. రెండడుగులేస్తే ఆగాలి. హైవే మీద లారీల లైట్లు నీళ్ళలో పగులుతున్నాయి. గొడుగు తిరగబడింది. ఎప్పుడూ ఇంతే, ఎప్పుడూ ఒక్క అడుగు ఆలస్యమే అని తనను తానే తిట్టుకుంటూ నడిచాడు.

గోదాముల మలుపు తిరిగేసరికి ఛాతీ మీది బరువు దిగిపోయింది.

ఎవరో చెయ్యి పెట్టి తీసేసినట్టు. ఇన్నాళ్ళ తర్వాత నిండుగా ఊపిరి పీల్చాడు. ఎంత హాయి! తడి గాలి లోపలిదాకా పోయింది. ఒక్క క్షణం సంతోషంతో నవ్వు కూడా వచ్చింది.

ఆ నవ్వు మీదే పాట వినబడింది.

క్లారినెట్టు. ఉత్త గాలి కాదిప్పుడు. నిండు పాట. పెళ్ళికొడుకును ఎదురుకోలుకు తీసుకుపోయేటప్పుడు నడిచే పాటలాగా, తీయగా, నింపాదిగా, వాన మీదుగా తేలి వస్తోంది. జీవితంలో అంత అందమైన పాట అతను వినలేదు.

"భవానీ..."

ఉరికాడు. షట్టర్ సగం ఎత్తి ఉంది. దుకాణం దాటి గది తలుపు తోశాడు. చీకట్లో, కొత్త దుప్పటి మీద, తడి చీరతో భవాని కూర్చుని ఉంది. క్లారినెట్టు దించి, అతన్ని చూసి పసిపిల్లలా నవ్వింది.

"ఏందయ్యా, గింత మంచిదాన్ని అమ్ముతనంటవా?"

"నీకు... ఊదుడు ఎట్లొచ్చె?"

"ఏమో. మూతికి వెట్టుకున్న, అదే ఒచ్చింది." ఆమె కొంచెం రొప్పుతోంది. "తిడ్దామనే ఒచ్చిన. గీ మాటు మాత్రం తిట్ట తియ్యి. నువ్వే గద, నాకోసం ముక్కలన్ని బిగించి మంచం మీద వెట్టి పోయినవ్?"

సాయినాథ్ ముందుకు దూకాడు. ఆమె చేతుల్లోంచి దాన్ని లాగి, దుకాణంలోకి ఉరికి, షట్టర్ కింద నుంచి బయటికి, నీళ్ళలోకి విసిరాడు. రోడ్డు పక్క కాలువలో పడ్డ చప్పుడైంది. గదిలోకి తిరిగొస్తే భవాని కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. అలసిపోయినట్టు చెయ్యి చాపింది.

"రా, పక్కన గూసో. ఛాతీ ఏందో బరువుగుంది. తడిసిన గద."

కూర్చున్నాడు. ఆమె తల అతని భుజం మీద వాలింది. ఎన్ని రాత్రులు దీనికోసం కుమిలిపోయాడు! జుట్టులో వాన వాసన. చల్లటి చేతులు.

"ఇగ నేను యాడికీ పోను," అంది, నిద్ర మాటల్లో. "ఈడనే ఉంట."

"ఉండు భవానీ. ఉండు. పొద్దున్నే దవాఖానకు పోదం."

అప్పటికే ఆమె నిద్రపోయింది. వాన పూర్తిగా ఆగింది. హైవే కూడా ఎందుకో మౌనంగా ఉంది. సాయినాథ్ కదలకుండా ఆమె ఊపిరి వినసాగాడు. అది సరిగ్గా ఉందంటే చాలు. అన్నీ సరిగ్గా ఉన్నట్టే.

భవాని ఊపిరి పీల్చింది. నింపాదిగా, లోతుగా. ఆమె ఛాతీ పొంగి అతని చేతికి తగిలింది.

వదలడం కోసం ఎదురుచూశాడు.

వదలలేదు...

"భవానీ?"

వదలలేదు...

దుకాణంలో, తలుపుకు అవతల, చీకట్లో... ఎవరో మెల్లగా, తృప్తిగా, ఊపిరి వదిలారు.

భవాని మళ్ళా పీల్చింది.